దయయా, బాకీయా?

ఈ సంచికలో తత్త్వవిషయములను గూర్చి పెద్దలు, పండితులు ఏటేట వ్రాయుచునే యున్నారు. నేను హైస్కూలుతో చదువు చాలించి బట్టల అంగడిలో కూర్చున్నవాడను. నాకు తెలిసినవి కొలత, ధర, గిరాకి. కావున నేనెత్తుకొన్న ప్రశ్నయు అంగడి ప్రశ్నయే. కాళ్లు సరిగా పనిచేయని మనిషి యొకడు తన బండిని తానే నడుపుకొని పెట్రోలు బంకునకు వచ్చినాడనుకొందము. అతనికి కష్టము కలుగకుండ పెట్రోలు పోసి, సొమ్ము తీసికొని, మర్యాదగా పంపుట బంకు యజమాని చూపు దయయా? లేక అతడు తీర్చవలసిన బాకీయా?

ఇంత చిన్న సంగతికి వ్యాసమెందుకని కొందరు నవ్వవచ్చును. మన కుటుంబములలో బంకులు నడుపువారు కొందరున్నారు. బంకు లేనివారికి బట్టల కొట్టో, పాత్రల కొట్టో, తాకట్టు దుకాణమో యున్నది. బంకు విషయమున తేలిన న్యాయము వాటికిని తప్పదు.

మన ధర్మపురి రహదారి మీది ఊరు. ఒకప్పుడు 7వ నంబరుగా నుండి నేడు 44వ నంబరైన జాతీయ రహదారి బెంగుళూరునుండి హోసూరు, కృష్ణగిరి మీదుగా మన ఊరు చేరి, తొప్పూరు కనుమ దిగి సేలమునకు పోవుచున్నది. సుమారు రెండువందల కిలోమీటర్ల ఆ దారికి ఇరుప్రక్కల ఎన్నియో బంకులు. ఒక గంటసేపు ఏ బంకులో నిలిచి చూచినను లారీలు, కార్లు, స్కూటర్లు, వాటి నడుమ అప్పుడప్పుడు వెనుకప్రక్క రెండు చిన్న చక్రములు చేర్చిన స్కూటరు కనబడును. తమిళనాడు ప్రభుత్వము కాళ్లకు లోపమున్నవారికి ఇట్టి స్కూటర్లను ఉచితముగా ఇచ్చుచున్నది. కాలితో త్రొక్కు బ్రేకును, ఆక్సిలరేటరును చేతితో నడుపునట్లు అమర్చిన కార్లును వచ్చుచున్నవి. 1988 నాటి మోటారు వాహనముల చట్టము వికలాంగుల బండ్లను గుర్తించినది. 2019లో జరిగిన సవరణలో అట్లు మార్పు చేసిన బండికి ప్రత్యేక నిర్వచనమే చేర్చిరి. చెవులు వినబడనివారు పరీక్షలో నెగ్గినచో లైసెన్సు ఈయవచ్చునని 2011లో ఢిల్లీ హైకోర్టు చెప్పినది. మా తాతగారి కాలమున కాళ్లు లేనివాడు అరుగుమీద కూర్చుండి దారిని పోవువారిని చూచువాడు. నేడు అతడే జేబులో లైసెన్సు పెట్టుకొని దారిని పోవుచున్నాడు. మన అంగళ్లు మాత్రము అతడింకను అరుగుమీదనే యున్నాడను నమ్మకముతో కట్టబడినవి.

ఇట్టివారెందరు? 2011 జనాభా లెక్కలలో దేశమున 2 కోట్ల 68 లక్షలమంది ఏదో యొక అంగలోపము గలవారని తేలినది. వారిలో కదలికకు సంబంధించిన లోపము గలవారు 54 లక్షలు. పోలియో పోయినది గదా, ఇక తగ్గుదురని కొందరందురు. పోలియో పోయిన మాట నిజమే. మన దేశమున చివరి కేసు 2011 జనవరిలో కనబడినది, 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువపత్రమిచ్చినది. కాని చక్కెర వ్యాధి ముదిరి కాలు తీయించుకొన్నవారు ప్రతి వీథిలో నున్నారు. కీళ్లు పట్టి దిగలేని వృద్ధులు ప్రతి ఇంట నున్నారు. రోడ్డు ప్రమాదముల సంగతి, తొప్పూరు కనుమ ప్రక్కనే కాపురముండు మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆ లెక్కలో చేరుటకు పుట్టుకతోనే లోపముండ నక్కరలేదు.

అమెరికాలో చాలచోట్ల బండివాడే దిగి తన పెట్రోలు తానే పోసికొనవలెను. దిగలేనివాడు ఏమి చేయును? అక్కడ 1990లో వికలాంగుల చట్టము చేసి, అట్టివాడు సహాయమడిగినచో బంకువారు వచ్చి పోయవలెనని, అందుకై పెట్రోలు ధర కంటె పైకము అధికముగా తీసికొనరాదని విధించిరి. బంకులో ఒక్కడే పనివాడున్న వేళ మాత్రము మినహాయింపు కలదు. మన దేశమున పోయువాడు ఎప్పుడును పనివాడే. కావున మనకీ చిక్కే లేదని నేనును చాలకాలమనుకొంటిని. చిక్కు ఎక్కడున్నదో నాకు చెప్పినవాడు మా అంగడికి వచ్చు ఒక ఉపాధ్యాయుడు. ఆయనది ప్రక్క చక్రముల స్కూటరు.

పాతరకపు స్కూటర్లలో పెట్రోలు మూత సీటు క్రింద నుండును. సీటెత్తవలెనన్న బండివాడు దిగవలెను. రెండు కాళ్లు గలవానికి అది రెండు క్షణముల పని. ఉపాధ్యాయునికి అది ఇట్లు జరుగును: ముందు చంకకర్రలను కట్టు విప్పి తీయవలెను, ఒకదానిని నేలపై ఊది, రెండవచేత హ్యాండిలు పట్టుకొని ప్రక్కకు జరుగవలెను. నేలపై ఆయిలు మరక యున్నచో కర్ర జారును. దిగిన తరువాత సీటెత్తుటకు మరల ఒక చేయి కావలెను. ఇంతలో వెనుక వరుసలో హారను మ్రోగును. పోయుట ఒక నిముషము, దిగి యెక్కుట ఏడెనిమిది నిముషములు. కొన్ని బంకులలో ద్విచక్రవాహనము దిగి నిలువుడని బోర్డున్నది. అగ్ని భయముచేత పెట్టిన బోర్డది, మంచిదే. కాని దిగలేనివాని విషయమున ఏమి చేయవలెనో ఆ బోర్డులో లేదు, పనివానికిని చెప్పినవారు లేరు. ఇందులో ఒక వింత యున్నది. మన ప్రక్కనున్న హోసూరులో 1980నుండి మోపెడ్లు తయారుచేసిన టీవీయస్ కంపెనీవారు 2013లో జూపిటర్ అను స్కూటరును తెచ్చి, పెట్రోలు మూతను సీటు క్రిందినుండి తీసి వెలుపల పెట్టిరి. వారది అందరి సౌకర్యమునకై చేసిరి. నడుము నొప్పిగలవారును, చంకబిడ్డతో వచ్చు తల్లులును సుఖపడిరి. ఉపాధ్యాయునివంటివానికి మాత్రము అది ఏడెనిమిది నిముషముల జీవితము తిరిగి ఇచ్చినట్లయినది. పాత బండి గలవానికైనను వేరు ఉపాయము లేకపోలేదు. పనివాడు దగ్గరకు వచ్చి, అడిగి, తాళపుచెవి తీసికొని, వెనుక భాగము ఎట్లు ఎత్తవలెనో అతనినే అడిగి చేయవచ్చును. ఖర్చు దమ్మిడీ లేదు.

కారులో వచ్చువాని కష్టము వేరు. అతనికి దిగు పని లేదు, కాని మీటరు కనబడదు. పోయుటకు ముందు సున్నా చూడుడని పనివాడు అరచును. కారు నిలిచిన వైపునుబట్టి సున్నా అతని వీపు వెనుక నుండును. మామూలు గిరాకి దిగి చూచును, అనుమానమున్నచో తూనికలు కొలతల శాఖవారి ముద్రగల అయిదు లీటర్ల కొలపాత్ర తెప్పించి కొలిపించును, కల్తీ యనుమానమున్నచో వడపోత కాగితముమీద చుక్క వేయించును. ఇవన్నియు గిరాకికి గల హక్కులు. కుర్చీబండిని వెనుక డిక్కీలో పెట్టుకొని ముందు సీటులో కూర్చున్నవానికి ఈ హక్కులన్నియు కాగితముపై నున్నవే. అతడు నమ్మవలెను, వేరు దారి లేదు.

ఇచ్చట వ్యాపారధర్మము వచ్చినది. మన అణువ్రతములలో అచౌర్యమునకు చెప్పిన అతిచారములను చూడుడు. దొంగను ప్రోత్సహించుట, దొంగ సొత్తు కొనుటతోపాటు తక్కువ ఎక్కువ తూనికలు, కొలతలు వాడుట, మేలిసరుకులో నాసిసరుకు కలుపుట అందులో చేర్చిరి. ఉమాస్వాతి ఆ పట్టిక వ్రాసినప్పుడు పెట్రోలు లేదు, వ్యాపారి యున్నాడు. తనిఖీ చేయగల గిరాకి ముందు సరిగా కొలుచుట భయముచేత గూడ జరుగును. తనిఖీ చేయలేనివాని ముందు కొలుచునప్పుడే ఆ వ్రతము మనయందున్నదో లేదో తెలియును. అంతమాత్రమున అతడు మన నిజాయితీని నమ్మి ఊరకుండవలెనని నేననను. మీటరు కనబడు వైపున బండి నిలుపుటకు చోటు చూపుట, అది కుదరనిచో రసీదు అచ్చు తీసి కిటికీలో ఇచ్చుట, అడుగకముందే కొలపాత్ర చూపుదునని చెప్పుట, ఇవి మన పని.

ఇక మరుగుదొడ్డి. ఈ మాట సంచికలో వ్రాయుట బాగుండదని ఇంటివారన్నారు. వ్రాయకున్నచో వ్యాసమే వ్యర్థము. గాలి, త్రాగునీరు, మరుగుదొడ్డి గిరాకులకు ఉచితముగా ఈయవలెనని చమురు కంపెనీల నిబంధన. బంకులో గది యుండును, గదికి ముందు రెండు మెట్లుండును, తలుపు ఇరుకుగా నుండును, లోపల కూర్చుండు పద్ధతి పాతది. బెంగుళూరు ఆసుపత్రికో, సేలములో పనికో పోవలసిన వికలాంగుడు ఏమి చేయునో తెలియునా? ఉదయమునుండి నీరు త్రాగడు. మేనెల యెండలో గూడ త్రాగడు. ఉపాధ్యాయుడు ఈ మాటను బట్టల ధర చెప్పినంత మామూలుగా చెప్పినాడు. మనవారు చలివేంద్రములు పెట్టి దారిని పోవువారికి మజ్జిగ పోయుదురు. ఆ మజ్జిగను వద్దనుచు చేతులు జోడించి సాగిపోవు మనిషి ఎందుకు వద్దనుచున్నాడో నాకు అంతవరకు తట్టలేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తును. దయయనువారి పక్షము బలహీనమైనది కాదు. మన సంఘము దయచేయుటలో వెనుకబడినది కాదు. జయపురములో 1968లో రామచంద్రశర్మ అను శిల్పియు డాక్టరు సేథీయు కలిసి తయారుచేసిన కృత్రిమపాదము, 1975లో స్థాపింపబడిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి ద్వారా లక్షలమందికి ఉచితముగా చేరినది. ఆ శిబిరములు దేశమున ఏ మూలనైనను జరుగును, ఖర్చు భరించువారిలో మనవారుందురు. ఈ ధర్మపురి నేల గూడ దానమునకు పేరుపడినదే. నాటి తగడూరు ప్రభువైన అదియమాన్ దీర్ఘాయువునిచ్చు ఉసిరికపండు దొరికినప్పుడు తాను తినక అవ్వైయారునకు ఇచ్చినాడని తమిళులు నేటికిని చెప్పుకొందురు. పండు అతనిది, ఈయకపోయినను అడుగువాడు లేడు, అందుచేతనే అది దానము.

కాని బంకులో జరుగునది ఇదియా? ఉపాధ్యాయుడు చెప్పిన ఒక సంగతి నన్ను ఈ ప్రశ్నకు తెచ్చినది. ఒక బంకులో, పేరు చెప్పను, యజమాని స్వయముగా వచ్చి, ఆయన కర్రలు చూచి, "మీయొద్ద డబ్బెందుకు లెండి, పోండి" అని వందరూపాయల నోటు తిరిగి ఇచ్చినాడట. ఇంకొకడైనచో సంతోషించునేమో. "శేటుగారూ, నేను జీతగాడిని, నా పెట్రోలు నేను కొనుక్కోగలను. ఆయన పుణ్యానికి నేను దొరికానా?" అని ఆయన అడిగినాడు. నోటు అక్కడి బల్లమీద పెట్టి వచ్చి, నాటినుండి ఆ బంకునకు పోవుట మానినాడు.

ఆ యజమాని చెడ్డవాడు కాడు. భావన తప్పినాడు. మన శాస్త్రములలో నాలుగు భావనలు చెప్పిరి: సకల జీవులయందు మైత్రి, గుణాధికులయందు ప్రమోదము, క్లేశపడువారియందు కారుణ్యము, వినని మూర్ఖులయందు మాధ్యస్థ్యము. కర్రలు కనబడిన వెంటనే మన మనస్సు మూడవదానికి పరుగెత్తును. క్లేశమున్నచోట కారుణ్యము తగినదే. కాని జీతము సంపాదించి, బండి నడిపి, ధర చెల్లించుటకు వచ్చినవానికి ఆ వేళ క్లేశమేమున్నది? మనము పెట్టిన మెట్టు, మనము నేర్పని పనివాడు, మనము తుడువని ఆయిలు, ఇవే గదా. ఇవి తీసివేసినచో మిగులువాడు మామూలు గిరాకి, మొదటి భావనకు చెందినవాడు. కష్టము మనమే పెట్టి, దానిపై మనమే జాలిపడి, ఆ జాలిని పుణ్యపు ఖాతాలో వ్రాసికొనుట ఏ లెక్కల పద్ధతియో నాకు తెలియదు.

అతని కాలు అతని పూర్వకర్మఫలము, మనమేమి చేయుదుమని ఒక పెద్దమనిషి నాతో వాదించెను. కర్మసిద్ధాంతమును కాదనువాడను కాను. కాలు అతని కర్మయే కావచ్చును. మెట్టు ఎవరి కర్మ? దానిని మేస్త్రీ కట్టినాడు, మనము కట్టుమన్నాము, కూలి మనమే ఇచ్చితిమి. హింసకు లక్షణము చెప్పునప్పుడు ఏమరుపాటును మూలముగా పెట్టినది మన శాస్త్రమే. తలచి చేసినదే హింస యని చెప్పి అంతటితో వదలలేదు. చీమకై నేలను చూచి నడచువారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

బాకీ యనుటకు నాకు ఇంకొక కారణము గలదు. మా అంగడిలో చీర నచ్చనివాడు ఎదుటి అంగడికి పోవును, లేదా తపాలాలో తెప్పించుకొనును. పెట్రోలు అట్లు కాదు. సీసాలోనో డబ్బాలోనో పోయరాదని చాలచోట్ల నిషేధము. ఇంటికి పంపుడన్నను పంపరు. బండి గలవాడు బంకునకు రాక తప్పదు. వేరుచోట దొరకని వస్తువును అమ్ముటకు అనుమతి పొందినవాడు, ఇష్టమైనవానికి అమ్ముదును, ఇష్టమైనంత మర్యాద చేయుదును అనరాదు. ఆ అనుమతి ఇచ్చినది ప్రజలు, ఆ ప్రజలలో ఇతడును ఒకడు.

చట్టమును ఈ మాటే చెప్పుచున్నది. 2016లో చేసిన వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిలు 19నుండి అమలులో నున్నది. ప్రజలకు సేవ చేయువారు, ప్రభుత్వము కానిండు ప్రైవేటు కానిండు, నిబంధనలు వెలువడిన రెండేండ్లలో ఆ సేవను వికలాంగులకు అందుబాటులోనికి తేవలెనని 46వ సెక్షను. మొదటి తప్పునకు పదివేలవరకు, మరల చేసినచో యాభైవేలనుండి అయిదులక్షలవరకు జరిమానా. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఈ విషయమున ఇంకొక అడుగు వేసి, 2017 నాటి నిబంధనలలో 15వది సలహాల రూపమున నున్నదేగాని విధిగా లేదని కొట్టివేసి, తప్పనిసరి ప్రమాణములను మూడు నెలలలో చేయుమని కేంద్రమును ఆదేశించెను. జరిమానా భయముతో చేయుడని నేను చెప్పుట లేదు. కోర్టు డిక్రీ ఇచ్చిన నాడు పుట్టినది కాదు బాకీ. డిక్రీ వచ్చుటకు చాల ముందే అది ఖాతాలో నున్నది.

ఎందరు వత్తురు, ఇంత ఖర్చెందుకు అని అడుగువారికి అంకెలతోనే జవాబు చెప్పవచ్చును. వాలుబాటకు ప్రమాణము ఒకటికి పన్నెండు. అనగా ఆరంగుళముల ఎత్తు ఎక్కవలెనన్న ఆరడుగుల పొడవు చాలును. తలుపు 900 మిల్లీమీటర్ల వెడల్పు. గోడకొక పట్టుకొమ్మ, క్రిందికి దిగని పీట. క్రొత్తగా కట్టునప్పుడైనచో ఇది లెక్కకు రాని సొమ్ము, కట్టినదానిని పగులగొట్టునప్పుడే బరువు. కావున క్రొత్త బంకు కట్టువారు సాకు చెప్పుటకు వీలులేదు. పాతవారు ముందు ఖర్చులేనివి చేయవచ్చును: బండిలో కూర్చుండియే పిలుచుటకు బంకు ఫోను నంబరు పెద్ద అక్షరములతో వ్రాసిన బోర్డు, సొమ్ము చెల్లించు క్యూ ఆర్ పలకను కిటికీకి తెచ్చి చూపుట, వినబడనివానికి మొత్తమును వ్రాసి చూపుట. గాలి పెట్టుటకు పనివాడే వంగుట. తోడు మనిషిని తెచ్చుకొనరాదా యనువారు, తాము పెట్రోలునకు పోవునప్పుడెల్ల ఒకరిని వెంటబెట్టుకొని పోవుదురేమో ఆలోచింపవలెను.

బాకీకి హద్దు లేదా? ఉన్నది. రెండు పంపులు, రాత్రి యొక్క పనివాడు గల పల్లెటూరి బంకును నగరపు బంకుతో సమానముగా నడుపుమనుట న్యాయము కాదు. అమెరికావారు పెట్టిన మినహాయింపు నాకు సమంజసముగానే తోచినది. కాని ఆ మినహాయింపు ఒక్కడే యున్న వేళకు మాత్రమే. పగలు నలుగురు పనివారు కూర్చున్నచోట అది చెల్లదు.

పనివానిని గూర్చియు ఒక మాట. హారను మ్రోగుచుండగా, అమ్మకము లెక్క చూచు మేనేజరు చూచుచుండగా, చంకకర్రలవానికై అయిదు నిముషములు నిలిచిన కుర్రవాడు తిట్లు తినును. వాని జీతమెంతయో మనకు తెలియును. ఆ అయిదు నిముషములు వాని ఖాతాలో గాక యజమాని ఖాతాలో వ్రాయవలెను. అది ముందుగానే, అందరి ముందు, నోటితో చెప్పవలెను. మరియు అడుగకుండ భుజము పట్టి లేవనెత్తరాదని, కర్రను లాగి దూరముగా పెట్టరాదని, ప్రక్కనున్నవానితో గాక బండివానితోనే మాటలాడవలెనని గూడ వానికి నేర్పవలెను. వీటిని మన ఇండ్లలో పిల్లలకే నేర్పలేదు, వానికెవరు నేర్పిరి?

బంకుల కేటాయింపులో వికలాంగులకు కొంత రిజర్వేషను గలదన్న సంగతి మీలో చాలమందికి తెలిసియే యుండును. అట్లు బంకు యజమానియైన మనిషి తన ఆఫీసు మెట్టు ఎక్కలేక ఎండలో కుర్చీ వేసికొని కూర్చుండుట సాధ్యమే. నవ్వవలెనో ఏమో తెలియదు.

రహదారిమీద ఒక బంకులో ఈ మధ్య వాలుబాట, నీలిరంగు కుర్చీబొమ్మ, వెడల్పైన తలుపు, అన్నియు చూచి సంతోషించితిని. తలుపునకు తాళము. తాళపుచెవి మేనేజరు సొరుగులో నున్నది. తెప్పించి తెరపించితిని. లోపల పైకప్పువరకు ఆయిలు డబ్బాలు, ఒక పాత బ్యానరు, రెండు చీపుళ్లు. "ఎవరూ రారు సార్, అందుకే సామాను పెట్టినాము" అని కుర్రవాడన్నాడు. ఎవరైనను వచ్చి అడిగినచో డబ్బాలు తీయుటకు ఎంతసేపు పట్టునని అడిగితిని. లెక్కవేసి, అరగంట అన్నాడు.